నాన్న జెన్నూ, జాగ్వారూ, ఒక రబ్బరు రింగూ

మొన్న సంక్రాంతికి నాన్నా నేనూ కరకట్ట మీదుగా అవనిగడ్డ వైపు వెళ్తున్నాం. బండి నాన్నది, 1998 మోడల్ మారుతి జెన్. నడుపుతున్నది నేను. తోట్లవల్లూరు దాటాక రోడ్డు మీద ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి ఉంది. మిగిలిన సగం రోడ్డులో ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. బ్రేకు గట్టిగా తొక్కాను. బండి ఆగింది గానీ, తిన్నగా ఆగలేదు. స్టీరింగు ఎవరో పట్టుకుని లాగినట్టు ఎడమకి తిరిగిపోయింది. ఎడమ పక్క గట్టు దిగితే అరటి తోట. ముందు చక్రం గట్టు అంచు మట్టిలోకి దిగి ఆగింది. ఒక్క మూర ముందుకి పోయుంటే ఈ కబుర్లు చెప్పడానికి నేను ఉండేవాణ్ణో లేదో.

నాన్న ఏమీ అనలేదు. తలుపు పైన ఉండే హ్యాండిల్ పట్టుకున్న చెయ్యి మాత్రం అవనిగడ్డ దాకా తియ్యలేదు.

ఇంటికొచ్చాక ముందు చక్రాలు రెండూ విప్పి చూశా. కుడి పక్క కాలిపర్‌లో పిస్టన్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. అంటే ఎడమ చక్రం ఒక్కటే పట్టుకుంటోంది, అందుకే బండి అటు లాగింది. కొత్త కాలిపర్ కొని బిగించేస్తే పని అయిపోయేది. కానీ మనకి ఒక జబ్బుంది కదా, ప్రొడక్షన్లో ఏదైనా పడిపోతే రీస్టార్ట్ చేసి ఊరుకోం, ఎందుకు పడిందో తెలిసేదాకా నిద్ర పట్టదు. అలా మొదలైంది, ఇంట్లోనే కాలిపర్ విప్పి బాగుచెయ్యడం. దాంతోపాటే ఈ వస్తువు అసలు ఎక్కణ్ణుంచి వచ్చిందో తవ్వుకుంటూ పోవడం. తవ్వితే దొరికిన కథ బాగుంది, అందుకే రాస్తున్నా.

అన్నట్టు జెన్ని స్పోర్ట్స్ కారు అంటే నవ్వకండి. 1993లో అది వచ్చినప్పుడు రోడ్ల మీద ఉన్నవేంటి? అంబాసిడర్లు, పద్మినీలు. వాటి పక్కన 993 సీసీ అల్యూమినియం ఇంజను, 50 హార్సుపవర్, 800 కిలోల లోపు బరువు. నాన్న తరానికి అదే స్పోర్ట్స్ కారు. మా ఇంట్లో ఇప్పటికీ అదే :)

సరే, అసలు విషయానికొద్దాం. బ్రేకు చేసే పనేంటి? బండి వేగాన్ని వేడిగా మార్చడం. మనుషులతో కలిపి వెయ్యి కిలోలున్న కారు 80 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే పుట్టే వేడితో ముప్పావు లీటరు నీళ్ళు మరిగించుకోవచ్చు. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు. అంటే బ్రేకుకి అసలు సమస్య పట్టుకోవడం కాదు, పట్టుకున్నాక పుట్టే వేడిని ఎక్కడ పారెయ్యాలన్నది.

డ్రమ్ము బ్రేకుకి ఇక్కడే చిక్కు. వేడంతా గిన్నె లాంటి డ్రమ్ము లోపలే ఉండిపోతుంది. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తే షూ నుంచి దూరం జరుగుతుంది, లైనరు పట్టు తగ్గుతుంది. మళ్ళీ మళ్ళీ తొక్కేకొద్దీ బ్రేకు నీరసపడిపోతుంది. డిస్కు అలా కాదు. అది గాలిలో బయటికే ఉంటుంది, వేడెక్కి మందం పెరిగినా ప్యాడ్ల వైపే పెరుగుతుంది. ఇంత తేలికైన ఆలోచన ఎవరికో ఎప్పుడో వచ్చుండాలి కదా?

వచ్చింది. బర్మింగ్‌హామ్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే డిస్కు బ్రేకుకి పేటెంటు తీసుకున్నాడు. కానీ పనికి రాలేదు. ప్యాడ్లకి అతని దగ్గరున్నది రాగి. రాగి వెళ్ళి ఇనుప డిస్కుని రాసుకుంటే చెవులు చిల్లులు పడే మోత, పైగా దుమ్ము రోడ్ల మీద ఇట్టే అరిగిపోయేది. బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ వాడకం హెర్బర్ట్ ఫ్రూడ్ చేతుల మీదుగా ఆ తర్వాత కొన్నేళ్ళకి వచ్చింది. బ్రేకు ప్యాడ్ల మీద కనపడే ఫెరోడో అన్న పేరు ఆయన పేరులోంచి అల్లిందే.

ఇంకొకటి కూడా కావాలి: కాలి బలాన్ని నాలుగు చక్రాలకీ సమానంగా పంచే దారి. కడ్డీలు, కేబుళ్ళతో అది కుదరదు. ఒక చక్రానిది బిగువు, ఇంకోదానిది వదులు. ద్రవం మీద వేసిన ఒత్తిడి అన్ని వైపులకీ సమానంగా పాకుతుందని పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు, మనం ఇంటర్లో బట్టీ కొట్టాం. దాన్ని కారు బ్రేకులకి వాడి 1917లో పేటెంటు తీసుకున్నది మాల్కమ్ లాగ్‌హెడ్. పేరు పలకడానికి తేలిగ్గా ఉండాలని లాక్‌హీడ్ అయింది. విమానాల లాక్‌హీడ్‌ని మొదలుపెట్టిన ఆలన్ ఇతని తమ్ముడే. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకీ హైడ్రాలిక్ బ్రేకులతో వచ్చింది. అయితే అవీ డ్రమ్ములే.

డిస్కులు పరీక్షకి నిలబడింది రేసుల్లో. విమానాల కోసం డిస్కు బ్రేకులు చేస్తున్న డన్‌లప్, జాగ్వార్‌తో కలిసి వాటిని కార్లకి తెచ్చింది. 1952లో ఫ్రాన్సులోని రైన్స్‌లో స్టర్లింగ్ మాస్ డిస్కు బ్రేకుల జాగ్వార్‌తో గెలిచాడు. 1953లో ల మాన్ 24 గంటల రేసు. అక్కడ దాదాపు 6 కిలోమీటర్ల తిన్నని రోడ్డు మీద శరవేగంతో వచ్చి, చివర్లో దాదాపు లంబకోణంలో ఉన్న మలుపు తిరగాలి. 24 గంటల పాటు ప్రతి చుట్టులోనూ అదే పని. డ్రమ్ముల వాళ్ళు ముందే బ్రేకు తొక్కాలి, తెల్లారేసరికి ఇంకా ముందే తొక్కాలి. జాగ్వార్ల వాళ్ళు చివరి దాకా ఆగి తొక్కేవాళ్ళు. రోల్ట్, హామిల్టన్ జంట గంటకి 170 కిలోమీటర్ల సగటుతో గెలిచింది. అక్కడ సగటు వేగం గంటకి 100 మైళ్ళు దాటడం అదే మొదటిసారి.

ఇక్కడితో కథ ఆపేస్తే బాగుండేది. కానీ 1955 ఉంది. అదే ల మాన్‌లో, డిస్కు బ్రేకులున్న జాగ్వార్‌లో మైక్ హాథార్న్ పిట్స్‌లోకి వెళ్ళడానికి గట్టిగా బ్రేకు వేశాడు. వెనకున్న ఆస్టిన్ హీలీ తప్పించుకోబోయి పక్కకి వచ్చింది. దాని వెనకే పియర్ లెవే నడుపుతున్న మెర్సిడెస్ వస్తోంది. దానికున్నవి డ్రమ్ములు, వాటికి సాయంగా గాలికి ఎదురు లేచే పెద్ద రేకు. లెవే ఆపలేకపోయాడు. బండి హీలీని గుద్ది ఎగిరి జనం మీద పడింది. 80 మందికి పైగా పోయారు, లెవే కూడా. తప్పెవరిదని దశాబ్దాల పాటు వాదించుకున్నారు. నాకు మాత్రం కరకట్ట గుర్తొచ్చింది. అక్కడ ఒకే రోడ్డు మీద రెండు రకాల బ్రేకులున్న కార్లు. ఇక్కడ ఒకే కారుకి రెండు రకాల చక్రాలు. ఒకటి ఆగుతుంది, ఇంకోటి ఆగదు. అసలు ప్రమాదం ఆ తేడాలోనే ఉంది.

అదే ఏడాది సిట్రోయెన్ డీఎస్ ముందు డిస్కులతో వచ్చింది. రేసు బండి వస్తువు మామూలు జనం కారులోకి వచ్చేసిందన్నమాట.

మరి మన దగ్గరికి? చాలా ఆలస్యంగా. అంబాసిడర్, పద్మిని దశాబ్దాలు డ్రమ్ములతోనే నడిచాయి. అన్నిటికన్నా చిత్రం రాజ్‌దూత్ 350. జపాన్‌లో 1973లో వచ్చిన యమహా ఆర్డీ 350కి ముందు చక్రానికి డిస్కు ఉంది. అదే బండి 1983లో ఇక్కడికి వచ్చేసరికి డిస్కు పోయి డ్రమ్ము వచ్చింది. పరిగెత్తే ఇంజను తెచ్చుకున్నాం, ఆపే బ్రేకు వదిలేశాం. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక, ఆ తర్వాతి మారుతిల్లో ముందు డిస్కు, వెనక డ్రమ్ము మామూలైపోయింది. నాన్న జెన్ కూడా అంతే.

కాలిపర్ కిట్టు కోసం ఆటోనగర్ వెళ్ళా. బెజవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, తెలియనివాళ్ళ కోసం: ఇటు మద్రాసు, కలకత్తా రోడ్డు, అటు హైదరాబాదు, బందరు రోడ్డు కలిసే ఊరు ఇది. 1855 నాటికి ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక డెల్టా ధాన్యం పడవల్లో కదిలేది. ఆ పని లారీల చేతికి వచ్చాక, లారీని బతికించే ఊరు కావాల్సొచ్చింది. 1966 నుంచి ఉన్న జవహర్ ఆటోనగర్ ఆ ఊరు. ఛాసిస్ తెస్తే బాడీ కట్టిస్తారు, పోయిన గేరుబాక్సుని లేపి నిలబెడతారు. చిన్నప్పుడు నాన్న స్కూటరు మీద ఆ వీధుల్లో తిరుగుతుంటే డీజిలూ, వెల్డింగూ కలిసిన వాసన వచ్చేది. ఇప్పటికీ అదే వాసన.

అక్కడ ఒక పెద్దాయన, నలభై ఏళ్ళుగా బ్రేకుల పనే చేస్తున్నాడట, నా కాలిపర్ చేతిలోకి తీసుకుని దుమ్ముతొడుగు వేలితో ఎత్తి చూశాడు. "బ్రేకాయిల్ ఎప్పుడు మార్చావు అబ్బాయ్?" అన్నాడు. నేను నాన్నకి ఫోన్ చేశా. నాన్నకీ గుర్తులేదు. ఆయన నవ్వాడు. "మైలేజీ గురించి రోజూ పదిమంది అడుగుతారు. ఇది మాత్రం ఎవరికీ గుర్తుండదు."

అప్పుడు చెప్పాడు. బ్రేకాయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. కృష్ణా డెల్టాలో తేమకి కరువేముంది? నీళ్ళు చేరిన ఆయిల్ రెండు రకాలుగా చంపుతుంది. ఒకటి తుప్పు, నాకు జరిగింది అదే. రెండోది ఇంకా ఘోరం. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. నీళ్ళు పట్టాక ఆ హద్దు 140కి దిగిపోతుంది. ఘాట్ రోడ్డు మీద ఆయిల్ మరిగి ఆవిరైతే, ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ నేలకి తగులుతుంది, బండి ఆగదు.

ఇంటి దగ్గర కాలిపర్ విప్పాక తెలిసింది, ఇన్ని కథల వెనక ఉన్న అసలు వస్తువు ఒక రబ్బరు రింగని. చూడ్డానికి గాజంత ఉంటుంది, కోస్తే మాత్రం చదరంగా కనిపిస్తుంది. ఆయిల్ కారకుండా ఆపేది అదే. బ్రేకు వదలగానే పిస్టన్‌ని వెనక్కి లాగేదీ అదే. తొక్కినప్పుడు పిస్టన్‌తో పాటు కొంచెం వంగుతుంది, వదిలాక తిరిగి నిటారవుతూ పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. ప్యాడు అరిగేకొద్దీ పిస్టన్ ఆ రింగులోంచి ముందుకి జారి తనే సర్దుకుంటుంది. పాత జాగ్వార్ల డన్‌లప్ కాలిపర్లలో ఈ పని కోసం లోపల వేరే పిన్ను ఏర్పాటు ఉండేది. ఆ పని మొత్తం ఒక రింగు చేస్తోంది. ఇంత శుభ్రమైన రీఫాక్టరింగ్ నా ఆరేళ్ళ సర్వీసులో చూడలేదు.

పని చెయ్యాలనుకునేవాళ్ళకి నాలుగు ముక్కలు. పిస్టన్ బయటికి రావాలంటే కాలిపర్ పైపు విప్పకముందే పెడల్ మెల్లగా తొక్కండి, ఆయిల్ ఒత్తిడే నెట్టేస్తుంది. కంప్రెసర్ గాలి కొడితే పిస్టన్ తూటాలా వస్తుంది, వేళ్ళు పోతాయి. పిస్టన్ మీద గుంటలు పడుంటే పాలిష్ చేసి సరిపెట్టకండి, కొత్తది వెయ్యండి. కొత్త రింగుకి రాసేది కొత్త బ్రేకాయిల్ మాత్రమే. మామూలు గ్రీజు, పెట్రోలు, ఇంజనాయిల్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి దుమ్ము నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. చివర్లో ఎయిర్ తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం ముందు. ఇదంతా చేశాక కూడా తెలిసినవాళ్ళ చేత ఒకసారి చూపించాకే రోడ్డెక్కండి. నేను ఆ పెద్దాయనకే చూపించా.

ఈ చరిత్రంతా చదివాక నాకు ఒకటే అనిపించింది. లాంచెస్టర్ ఆలోచన యాభై ఏళ్ళు ఆగింది తెలివి లేక కాదు, సరైన ప్యాడూ, ఆయిలూ, రింగూ లేక. ఇవాళ అవన్నీ కొట్లో దొరుకుతున్నాయి. అయినా నా బండి గట్టు దిగబోయింది. ఎందుకంటే రెండేళ్ళకోసారి మార్చాల్సిన ఆయిల్ మేము మార్చలేదు. కొత్త స్టీరియో పెట్టించాం, సీటు కవర్లు మార్చాం. మన ఆఫీసుల్లోనూ అంతే కదా, కొత్త ఫీచర్‌కి డెమో ఉంటుంది, చప్పట్లుంటాయి. బ్యాకప్ పనిచేస్తోందో లేదో చూసినవాడికి ఏముంటుంది?

పోయిన ఆదివారం మళ్ళీ అదే కరకట్ట మీద వెళ్ళాం. ఖాళీ చోటు చూసి, నాన్నకి చెప్పి, గట్టిగా బ్రేకు తొక్కా. బండి గీత గీసినట్టు తిన్నగా ఆగింది. నాన్న చెయ్యి ఒళ్ళోనే ఉంది. "రింగెంతన్నావురా?" అన్నాడు. చెప్పా. మిగతా దారంతా నవ్వుకుంటూనే ఉన్నాడు.

ఇంతకీ, మీ బండిలో బ్రేకాయిల్ ఎప్పుడు మార్చారు?