అమ్మకానికి రాని చికాగో

కుట్టుపని తెలిసినవాళ్ళు కొత్త జాకెట్టు చేతికి రాగానే ముందు తిరగేసి చూస్తారు. పైవైపు ఎలాగూ బాగానే ఉంటుంది, అందులో వింతేముంది? ఎక్కడ విప్పి మళ్ళీ కుట్టారో, ఎక్కడ గుడ్డ చాలక అతుకు వేశారో చెప్పేది లోపలివైపే. పాత కంప్యూటర్ల విషయంలో నా సరదా కూడా అలాంటిదే.

విండోస్ 95 పేరు మీరు వినే ఉంటారు. మన ఇళ్ళల్లో చాలామందికి కంప్యూటరుతో పరిచయం దానితోనో, దాని తర్వాత వచ్చిన 98తోనో అయింది. కంప్యూటరు సంసారాన్ని చక్కబెట్టే ఇల్లాలు లాంటిదన్నమాట. ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. అది బజారుకి రాకముందు రెండేళ్ళపాటు దాని ముద్దుపేరు చికాగో. 1993 ఆగస్టులో, ఇంకా సగం కుట్టులో ఉండగానే, పరీక్షించి చూడమని కొద్దిమందికి ఇచ్చిన ప్రతి ఒకటుంది. దాని నంబరు 58. ఇలాంటివాటిని బీటాలనేస్తుంటారు. ఆ ప్రతి ఏ దుకాణంలోనూ అమ్మకానికి రాలేదు.

మా అక్కయ్య కొడుకు తన కంప్యూటరు లోపలే ఓ ఉత్తుత్తి కంప్యూటరు సృష్టించి, అందులో దీన్ని ఎక్కించి చూపించాడు. ఇలాంటి వాటికి గడువు పెట్టే అలవాటు ఉందిట, అందుకని ముందుజాగ్రత్తగా తేదీని కూడా 1993కి తిప్పేశాడు. చూద్దును కదా, తెరకి అడుగున ఓ పట్టీ, దాని ఎడమ మూలన మూడు చిన్న బటన్లు! ఒకదానిమీద విండోస్ జెండా, ఒకటి వెతుక్కోవడానికి, ఇంకోటి ప్రశ్నార్థకం. అన్నీ బొమ్మలే. 'స్టార్ట్' అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. మూడు గుమ్మాలున్న ఇంటిముందు నిలబడి, ఏది వీధిగుమ్మమో తెలియని చుట్టంలా అయింది నా పని.

ఈ మూడూ ఒకటెలా అయ్యాయన్నదే అసలు కథ.

మైక్రోసాఫ్ట్ వాళ్ళు కొత్త విండోస్ తయారుచేస్తూ, మామూలు మనుషుల్ని పిలిచి కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. ఫలానా పని చెయ్యండని చెప్పి, వాళ్ళేం చేస్తున్నారో గమనించారు. మొత్తం 64 విడతల్లో 560 మంది! ఆ బృందంలో పనిచేసిన కెంట్ సల్లివన్ 1996లో ఈ సంగతులన్నీ ఓ వ్యాసంలో రాశాడు. వచ్చినవాళ్ళందరూ కొత్తవాళ్ళేమీ కాదు. సగంమంది అంతకుముందరి విండోస్ 3.1తో ఓ మాదిరి అలవాటున్నవాళ్ళే.

కొత్తవాళ్ళు తడబడిన చోట్లు చూడండి. బొమ్మమీద టకటకా రెండుసార్లు నొక్కితేనే పని మొదలవుతుంది. ఆ సంగతి బొమ్మని చూస్తే ఎవరికి తెలుస్తుంది? ఒక కిటికీ మీదకి ఇంకో కిటికీ వచ్చి కప్పేస్తే, అడుగుది పోయిందే అనుకునేవారు. ఫోల్డరులో ఇంకో ఫోల్డరు అంటే తికమకపడేవారు. నిజమే మరి, మనం డబ్బాలో డబ్బా, అందులో ఇంకో డబ్బా పెట్టి, అట్టడుగు దాంట్లో జీలకర్ర దాచుకుంటామా?

మొదట వాళ్ళకి ఓ ఆలోచన వచ్చింది. కొత్తవాళ్ళకోసం వేరే సులువైన తెర ఒకటి పెడితే సరిపోతుంది కదా అని. కాని ఆ తెరతో ఎన్నాళ్ళు? కాస్త చెయ్యి తిరిగాక అసలు విండోస్‌కి రావాలంటే, నేర్చుకున్నది పక్కనపెట్టి మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవాలి. పిల్లలకి లక్కపిడతలిచ్చి వంట నేర్పినట్టే! అందుకని ఆ ఆలోచన మానుకుని, అసలుదాన్నే విప్పి మళ్ళీ కుట్టారు.

మూడు బటన్లూ పోయి ఒక్కటయింది. దానిమీద బొమ్మ పక్కన 'స్టార్ట్' అని అక్షరాలా రాశారు. ఈ ఏర్పాటు ఊహించిన ఘనత డేనియల్ ఓరన్ అనే ఆయనది. తెరిచిన కిటికీల పేర్లన్నీ అడుగు పట్టీమీద ఎప్పుడూ కనబడేలా పెట్టారు. దాంతో కిటికీ పోయిందన్న బెంగ కూడా తీరింది. 1995 ఆగస్టు 24న అమ్మకానికి వచ్చిన విండోస్‌లో, ఇంతా చేశాక కూడా, ఓ బాణం గుర్తు జరుగుతూ వచ్చి, 'మొదలుపెట్టాలంటే ఇక్కడ నొక్కండి' అంటూ ఆ బటన్‌ని ఢీకొనేది. ఎంత ఓపిక!

తమాషా ఏమిటంటే, 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు ఆ బటన్‌ని తీసేశారు. జనం గోలపెట్టారు. 2013లో 8.1తో మళ్ళీ తెచ్చి దాని చోట దాన్ని కూర్చోబెట్టారు.

నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఆ 560 మందే. వాళ్ళకి అర్థం కానప్పుడు మార్చింది వస్తువుని. చికాగో 58 అందుకు సాక్ష్యం. మూడు బటన్లతో అది అలా మిగిలి ఉండబట్టి గదా, తర్వాత ఎంత విప్పారో తెలిసింది!

కొత్త వాషింగ్ మెషీనో, కొత్త ఫోనో ఇంటికొస్తుంది. మనం బటన్ల వంక కాస్త తెల్లబోయి చూస్తామో లేదో, "నీకు తెలీదులే, ఇలా తే" అంటూ చేతిలోది లాక్కునే మహానుభావుడు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఈసారి ఆయన చెయ్యి చాపితే ఇవ్వకండి. తెలియనిది మనకా, ఆ బటన్ పెట్టినవాడికా అని ఒక్కసారి అడిగి చూడండి.