విశాఖపట్టణపు సొరుగుల పెట్టెలు

మన పెద్దల యిండ్లలో భోషాణ ముండెడిది. దానికి మూత పైననే. అడుగుననున్న పట్టుబట్ట కావలెనన్న, మీదనున్న సామానంతయు దింపవలసినదే. ఐరోపావారి పెట్టెలును మొదట నిట్టివే. 17వ శతాబ్దమున నచ్చటి వడ్రంగులు పెట్టె యడుగున నొకటి రెండు సొరుగు లమర్చి, క్రమముగా పెట్టెనంతయు సొరుగులతోనే నింపిరి.

వర్తకులతో నీ సొరుగుల పెట్టె మన తీరమునకు వచ్చెను. భీమునిపట్టణమున డచ్చివారును, విశాఖపట్టణమున 1682 మొదలు ఆంగ్లేయులును వర్తకస్థానములు నెలకొల్పిరి. వారి దేశపు మాదిరులను జూచి విశాఖ పనివారు పెట్టెలు, బల్లలు, కుర్చీలు చేసి యిచ్చిరి. 1756లో నా పట్టణమును జూచిన కార్నీల్ అను బ్రిటిషు సైనికోద్యోగి యచ్చటి పొదుగుపనిని మిక్కిలి కొనియాడెను.

మంచి సొరుగు చేయుట తేలిక కాదు. లాగిన ప్రతిసారియు ముందుపలక యూడివచ్చుటకు జూచును. కావున ప్రక్కపలకల కొనలను, చివరకు విప్పారునట్టి పండ్లుగా గోసి, ముందుపలకయందు దొలిచిన గూళ్లలో బిగింతురు. ఎంత లాగినను సందు వీడదు. మఱియు కొయ్య వానకాలమున నుబ్బి వేసవిని కుంచించుకొనును. ఈ మార్పు పొడవున స్వల్పము, అడ్డముగా హెచ్చు. అందువలన నడుగుపలకను జిగురుతో నంటింపక గాడిలో జొనిపి, కదలుటకు జోటు విడుతురు. అట్లు విడువనిచో పలక పగులును.

విశాఖవా రీ పెట్టెలకు దమ సొంత యలంకారమును జేర్చిరి. ఇరుగుడు మొదలగు కొయ్యలను దొలిచి దంతపు రేకులు పొదిగి, వానిపై సన్నని గీతలు చెక్కి, గీతలలో నల్లని లక్క నింపిరి. ఆ పూలతీగలు మన తీరపు అద్దకపు వస్త్రముల తీగలను బోలియుండును. తరువాతి కాలమున పెట్టె నంతయు పలుచని దంతపు రేకులతో గప్పుటయు గలదు.

ఈ వస్తువులు కొన్ని లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో నున్నవి. ఇట్టివానిలో గొన్నింటిపై చేయించుకొన్నవారి వంశచిహ్నములు కలవు; చేసినవారి పేళ్లు మాత్రము దాదాపుగా దొరకవు.

దంతపు వాణిజ్యము నేడు మన దేశమున నిషిద్ధము. ఏనుగుల రక్షణకది యవసరమే. కాని సందు కూర్చు విద్యకు దంతముతో బనిలేదు. అది నేర్చిన చేతులు మన గ్రామములలో నింకను గలవు. మీ యింటి భోషాణము నే వడ్రంగి చేసెనో మీలో గొందఱికి దెలిసియుండును. ఆ పేరును, ఊరును ఒక కాగితముపై వ్రాసి యా పెట్టెలోనే యుంచుడు. విశాఖ పనివారికి దక్కని గౌరవము వారికైనను దక్కును.