ఏలె లక్ష్మణ్

ఏలె లక్ష్మణ్ తెలంగాణ చిత్రకారుడు, ఇలస్ట్రేటర్. స్వగ్రామం పూర్వపు నల్గొండ జిల్లాలోని కదిరేనిగూడెం. ఈ ఊరు ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా ఆత్మకూరు(ఎం) మండలంలో ఉంది. తొలినాళ్లలో సైన్‌బోర్డులు రాశాడు. తర్వాత కథలకు బొమ్మలు, పుస్తకాలకు ముఖచిత్రాలు వేశాడు.

పల్లె మనుషులే ఆయన చిత్రాల్లో ప్రధాన వస్తువు. నిండుగా బొట్టు, ముక్కుపుడక, ముదురు రంగు చీరతో ఎదురుగా చూసే తెలంగాణ స్త్రీ ముఖాలకు ఆయన కుంచె పేరుపొందింది.

2014 జూన్‌లో రాష్ట్రం ఏర్పడినప్పుడు ప్రభుత్వం స్వీకరించిన అధికారిక చిహ్నాన్ని రూపొందించింది ఆయనే. ఆకుపచ్చ, బంగారు రంగుల వలయంలో కాకతీయ కళాతోరణం, దాని మధ్య చార్మినార్, పైన మూడు సింహాలు ఉంటాయి. రాష్ట్రం పేరు తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ భాషల్లో కనిపిస్తుంది.