కాకినాడ వర్తకుల రింగులాట

తిరునాళ్లలో రింగులాట ఆడనివాళ్లు ఎవరుంటారు చెప్పండి! సబ్బుబిళ్ల మీదికి గురిపెట్టి రింగు విసరడం, అది కాస్తా పక్కకు జారిపోవడం, జేబు ఖాళీ చేసుకుని ఇంటికి రావడం మనందరికీ అనుభవమే. ఇలాంటి ఆటనే మన కాకినాడ వ్యాపారస్తుల చేత ఆడించి పాఠం చెప్పించిన ప్రొఫెసరు ఒకాయన ఉన్నాడు.

ఆయన పేరు డేవిడ్ మెక్‌క్లెలండ్. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం బోధించేవాడు. దేశం బాగుపడాలంటే డబ్బూ గనులూ ఉంటే చాలదనీ, "నిన్నటికంటే ఇవాళ ఇంకా బాగా చెయ్యాలి" అనే తపన మనుషుల్లో ఉండాలనీ 1961లో ఒక పుస్తకం రాశాడు. బాగానే ఉంది. మరి ఆ తపన చిన్నప్పుడే అబ్బాలా, నడివయసులో కూడా నేర్పొచ్చా? మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలు ఏనాడో తీర్పు చెప్పేశారు. కర్మసిద్ధాంతం, కులం, ఉమ్మడి కుటుంబం ఉన్నంతకాలం ఈ దేశంలో మనిషి మారడని విదేశీ పండితులు కొందరు వత్తాసు పలికారు కూడాను.

తేల్చుకుందామని 1964లో హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థతో కలిసి మెక్‌క్లెలండ్ బృందం పూనుకుంది. కాకినాడ నుంచి సుమారు 50 మందికి, జట్లు జట్లుగా, పదేసి రోజుల శిక్షణ. పోల్చి చూడటానికి పక్కనే ఉన్న రాజమండ్రిని ఎంచుకున్నారు.

ఏం నేర్పారంటారా? లెక్కలూ పద్దులూ కాదు. ఒక బొమ్మ చూపించి కథ రాయమనేవారు. రాసినవాడి మనసులో ఏముందో ఆ కథే పట్టిచ్చేది. ఇక రింగులాట! ఎంత దూరాన నిలబడాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. కర్రను ఆనుకుని నిలబడి వేస్తే గెలుపు ఖాయం, గొప్పేమీ లేదు. ఎక్కడో దూరంగా నిలబడితే అంతా అదృష్టం, మన ప్రతాపం ఏమీ లేదు. కాస్త కష్టంగా ఉంటూనే, శ్రమిస్తే అందే దూరం ఒకటుంది చూశారూ, అక్కడ నిలబడటమే పాఠం. చివరికి రాబోయే రెండేళ్లలో ఏం చెయ్యదలిచారో ఎవరి లక్ష్యం వాళ్లు రాసుకోవాలి.

రెండేళ్ల తర్వాత వెళ్లి చూశారు. శిక్షణ పొందినవాళ్లలో దాదాపు సగం మంది వ్యాపారాన్ని చురుగ్గా పెంచుకుంటున్నారు. పొందనివాళ్లలో అలాంటివాళ్లు పావువంతే. కులమూ పాత నమ్మకాలూ అడ్డు రాలేదు! ఈ ఫలితాలన్నీ 1969లో పుస్తకంగా వచ్చాయి.

అయితే ఒక్క మెలిక ఉంది. తన వ్యాపారంలో నిర్ణయం తన చేతిలో ఉన్నవాడికే ఈ చదువు బాగా ఒంటబట్టింది. ఇనప్పెట్టె తాళంచెవి పెదనాన్నగారి మొలలో ఉంటే, అబ్బాయి ఎన్ని రింగులు వేసి ఏం లాభం?

మరో మెలిక మెక్‌క్లెలండే 1976లో బయటపెట్టాడు. సొంత వ్యాపారానికి పనికొచ్చిన ఆ తపనే పెద్ద కంపెనీ మేనేజరుకు చాలదట. అన్నీ తానే బాగా చెయ్యాలనుకునేవాడు పనంతా నెత్తిన వేసుకుంటాడు. అందరి చేతా మంచివాడనిపించుకోవాలనుకునేవాడు ఒకరికి మినహాయింపు ఇచ్చి, పదిమందికి అన్యాయం చేస్తాడు. అధికారాన్ని తన గొప్పకోసం కాక సంస్థ కోసం వాడుతూ, తనను తాను అదుపులో ఉంచుకునేవాడే నలుగురి చేత పని చేయించగలడని తేలింది. మన ఉమ్మడి కుటుంబాలను నెట్టుకొచ్చిన బామ్మల్ని ఒక్కసారి తలచుకోండి, సంగతి బోధపడుతుంది.

ఇవాళ పెద్ద పెద్ద అధికారులకు నాయకత్వం నేర్పడం ఒక వృత్తి అయింది, ఫీజులూ ఘనంగానే ఉంటాయి. మంచిదే. కాని పంపించే యజమానులకు ఒక్క మనవి. శిక్షణకు పంపి, తిరిగొచ్చాక తాళంచెవి మాత్రం ఇవ్వకపోతే, తప్పు మానుది కాదు సుమండీ!