ఒక ఆట, దాని ఉత్తరభాగం

రేపల్లె నుండి బాపట్లకు రైలులో వెళ్ళదలచినవారు తెనాలిలో దిగి బండి మారవలసి ఉంటుంది. రేపల్లె లైను వచ్చి తెనాలి దగ్గర ప్రధాన మార్గంలో కలుస్తుంది. అక్కడ బాపట్ల వైపు పోయే బండి కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చోవాలి. నేను బాపట్లలో డిగ్రీ చదివిన రోజుల్లో ఈ కూర్చోవడం ఒక్కొక్కసారి గంట, గంటన్నర సాగేది. ఆ గంటన్నరలో మినుముల ధరలు మొదలుకొని పెళ్ళి సంబంధాల వరకు ఎన్నో మాటలు చెవిన పడేవి. నాకు ఈనాటికీ మిత్రులుగా ఉన్నవారిలో ఇద్దరు ఆ బల్లల మీద పరిచయమైనవారే. తరువాత నేను బస్సుకు అలవాటు పడ్డాను. బస్సు ఎక్కితే బండి మారే పని లేదు, కాలం కలిసివస్తుంది. అయితే బస్సులో పక్కవానితో మాట్లాడే అవసరమే రాలేదు.

ఒక కంప్యూటరు ఆట చరిత్ర చెప్పబోతూ ఈ ప్రయాణపు ముచ్చట ఎందుకని పాఠకులు అడగవచ్చు. ఆ ఆటకూ, దాని తరువాత వచ్చిన ఉత్తరభాగానికీ గల భేదమంతా ఇందులోనే ఉన్నది కనుక.

ఆట పేరు ‘ఎవర్‌క్వెస్టు’. ఇది 1999 మార్చి 16న అమెరికాలో వెలువడినది. ఉత్తరభాగమైన ‘ఎవర్‌క్వెస్టు 2’ 2004 నవంబరులో వచ్చినది. రెండూ ఇంటర్నెట్టు ద్వారా వేలాదిమంది ఒకేసారి కలిసి ఆడే పాత్రధారణ ఆటలు. పాత్రధారణ అంటే మన ప్రాంతం వారికి వేరే వివరించనక్కరలేదు. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు తెనాలి రామవిలాస సభ నాటకాలలో సత్యభామగా రంగం మీదికి వస్తే, వచ్చినది పురుషుడన్న మాట ప్రేక్షకులు మరచిపోయేవారట. 1956లో వారికి పద్మశ్రీ వచ్చినది. ఈ ఆటలలోనూ జరిగేది వేషం కట్టడమే. ఆడేవాడు యోధుడో, పురోహితుడో, మాంత్రికుడో, స్త్రీయో పురుషుడో ఒక పాత్రను ఎన్నుకొని, దాని పేరుతోనే ఇతరులకు పరిచయమవుతాడు. భేదం ఏమంటే, ఇక్కడ వ్రాసిపెట్టిన నాటకం లేదు, ప్రేక్షకులు లేరు, తెల్లవారినా తెర పడదు.

ఈ వేషానికి ఒక వంశక్రమం ఉన్నది. 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే అమెరికనులు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను అచ్చువేశారు. దానిని బల్ల చుట్టూ కూర్చొని, కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడతారు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయ విద్యార్థులు రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టల్ అటువంటి లోకాన్ని కంప్యూటరులోనికి ఎక్కించారు. అందులో బొమ్మలు లేవు, అన్నీ అక్షరాలే. ‘ఉత్తరానికి పో’ అని టైపు చేస్తే అక్కడ ఏమున్నదో వాక్యాలలో చెప్పేది. 1991లో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో తయారైన ‘డికుమడ్’ అనే అక్షరాల ఆట ఈ వంశంలో మరొక పెద్ద. బ్రాడ్ మెక్‌క్వేడ్, స్టీవ్ క్లోవర్, బిల్ ట్రాస్ట్ మొదలైనవారు కాలిఫోర్నియాలోని సాన్‌డియాగోలో కూర్చొని, ఆ అక్షరాల లోకానికి పొడవు, వెడల్పు, ఎత్తు గల రూపం ఇచ్చి, దానికి ‘నోరాత్’ అని పేరు పెట్టారు. అదే ఎవర్‌క్వెస్టు. నెలకు సుమారు 10 డాలర్ల చందా. కొద్ది సంవత్సరాలలోనే చందాదారులు నాలుగు లక్షలు దాటారు.

ఆట నడిచే తీరు కొంచెం చెప్పుకోవాలి. నోరాత్ లోకం ఆడేవాని కంప్యూటరులో ఉండదు. దాని లెక్క అంతా కంపెనీ వారి సర్వరు అనే యంత్రంలో ఉంటుంది. ఎవరు ఎక్కడ నిలిచినది, ఎవరికి ఎంత బలం మిగిలినది అది చెబుతుంది. మన యంత్రం బొమ్మ గీసి చూపుతుంది, అంతే. 1999లో ఆ రెంటి నడుమ చాలామందికి ఉన్నది సెకనుకు 56 వేల బిట్లకు మించని టెలిఫోను మోడెము. అందుచేత ఆట తొందరపడడానికి వీలు లేదు. కత్తి దూసిన తరువాత దెబ్బలు వాటంతట అవే పడుతూ ఉండేవి. సర్వరు ఆరు సెకనులకు ఒకసారి ప్రతి పాత్ర ఖాతా తీసి, పోయిన బలంలో కొంత తిరిగి జమ కట్టేది.

మందగమనానికి యంత్రాలు కొంతవరకే కారణం. తక్కినది కల్పించినవారి ఉద్దేశం. మంత్రశక్తి ఖర్చయిన మాంత్రికుడు కూర్చొని ధ్యానం చేయాలి. మొదటి రోజులలో, పాత్ర పెద్ద స్థాయికి చేరేవరకు, ధ్యానం చేస్తున్నంతసేపూ మంత్రపుస్తకం తెరను కప్పివేసేది; వెనుక నుండి ఏ రాక్షసుడు వచ్చినా కనిపించదు. తోడు ఉన్నవారు కాపలా కాయాలి. ఒక ఖండం నుండి మరొక ఖండానికి పోవాలంటే ఫ్రీపోర్టు రేవులో ఓడ కోసం నిలబడాలి. ఓడ తన వేళకు వచ్చేది గాని మన వేళకు కాదు. లేదా దారి తెలిసిన మాంత్రికుని బ్రతిమాలుకొని, అతని మంత్రంతో ఒక్క క్షణంలో పోవాలి. సరుకు అమ్మదలచినవారు ఒక కొండ సొరంగంలో చేరి, మన సంతలో వలె కేకలు పెట్టుకొనేవారు.

అన్నిటికంటె కఠినమైనది మరణం. పాత్ర చనిపోతే కష్టపడి సంపాదించిన అనుభవంలో కొంత పోయేది. ఒక్కొక్కసారి స్థాయి కూడా దిగజారేది. అంతకుమించి, కత్తి, కవచం, సంచులు సమస్తం శవం మీదనే ఉండిపోయేవి. పాత్ర ఒట్టి చేతులతో ఎక్కడో దూరాన తిరిగి లేచి, ఆ శవాన్ని వెదుక్కుంటూ పోవాలి. గడువు దాటితే శవం మాయం, దానితో సొత్తూ మాయం. రాక్షసుల గుహ నడుమ చనిపోయినవాడు ఒంటరిగా ఏమి చేయగలడు? శవాన్ని తన వద్దకు రప్పించగల ప్రేతమాంత్రికుని వెదకాలి, పోయిన అనుభవాన్ని చాలావరకు తిరిగి ఇప్పించగల పురోహితుని పిలవాలి. వారు తమ పని మానుకొని రావాలి. వచ్చేవారు. అందువలననే నోరాత్‌లో ప్రతివానికీ ఒక మంచిపేరో, చెడ్డపేరో ఉండేది. ఆపదలో ఆదుకోనివాని సంగతి ఊరంతా తెలిసేది. ఇది పల్లెటూరి బ్రతుకు వంటిది. అందులోని మేలుతో పాటు కీడూ ఉన్నది: ఒక మంచి కత్తి దొరికే చోట పదిమంది వరుస కట్టి రాత్రిళ్ళు జాగారం చేయడం, వరుస తప్పినవానితో కలహించడం. ఉద్యోగం, సంసారం ఉన్నవారికి ఇది మోయలేని బరువు.

ఉత్తరభాగం రచించినవారి ముందు ఉన్నది ఈ బరువే. కథను అయిదు వందల సంవత్సరాలు ముందుకు జరిపారు. లూక్లిన్ అనే చంద్రుడు బ్రద్దలై, ముక్కలు నోరాత్ మీద పడి, పాత ఖండాలు దీవులుగా చీలిపోయినవి. మిగిలినవి కీనోస్, ఫ్రీపోర్టు అనే రెండు మహానగరాలు. ఈ కల్పన కథకు ఎంత అవసరమో తెలియదు గాని, కట్టేవారికి మాత్రం మేలు చేసినది. పాత పటం ఎక్కడా అడ్డం రాదు. ఆట లోపలి నిర్మాణం పూర్తిగా కొత్తది కనుక పాత పాత్రలను దీనిలోనికి తెచ్చుకోవడం కుదరదు. అయిదేళ్ళు పోషించిన పాత్రను విడిచి, అందరూ మళ్ళీ మొదటి మెట్టు ఎక్కవలసినదే.

వెలువడిననాడు మొదటి ఆటలో వృత్తులు 14 అయితే రెండవదానిలో 24. మొదటిదానిలో ఊరివారిని పలకరించి, వారి మాటలలోని కీలకపదాన్ని పట్టుకొని, దానిని తిరిగి టైపు చేస్తే తప్ప పని ఏమిటో తెలియదు. అది మరచిపోకుండా నోటుపుస్తకంలో వ్రాసుకొనేవారు. రెండవదానిలో పాత్రలకు గొంతు వచ్చినది; ఫ్రీపోర్టు పాలకునికి ప్రసిద్ధ నటుడు క్రిస్టఫర్ లీ గాత్రమిచ్చాడు. చేయవలసిన పనుల జాబితాను ఆటే వ్రాసి ఉంచుతుంది. చనిపోతే సొత్తు పోదు. మొదట్లో ఒక ఆత్మశకలం మాత్రం అక్కడ మిగిలిపోయేది, అనుభవం ఖాతాలో కొంత అప్పు పడేది. మొదటి మాసాలలో ఆ అప్పును జట్టంతా పంచుకోవలసి వచ్చేది. పొరుగువాని తప్పుకు మనకు అప్పు ఏమిటని జనం మొరపెట్టగా తరువాత ఎత్తివేశారు. రాక్షసుని మొదట కొట్టినవారికే ఆ రాక్షసుడు దక్కేటట్లు తాళం వేశారు. వరుసల తగవులు తీరినవి. కాని దారిన పోయేవాడు జాలిపడి ఒక చేయి వేద్దామన్నా వీలు కాదు. పోరాడేవాడు సహాయమని కేక వేసి తాళం విప్పాలి. తగవు తీర్చడానికి కట్టిన గోడ సహాయానికీ అడ్డమైనది. నన్ను అడిగితే, రెండు ఆటల మధ్య గల భేదాలలో గాఢమైనది ఇదే. చివరకు దీనినీ సడలించారు.

ఆటల చరిత్రలో ఇటువంటి త్వర క్రొత్త కాదు. చదరంగంలో మంత్రి ఒకప్పుడు మూలకు ఒక్క గడి మాత్రమే కదిలేవాడు. 15వ శతాబ్ది చివర స్పెయిను దేశంలో ఆ పావును రాణిగా ఎంచి, ఎటైనా ఎంత దూరమైనా పోనిచ్చారు. 1497లో అచ్చయిన లుసేనా గ్రంథంలో పాత పద్ధతి, కొత్త పద్ధతి రెండూ కనబడతవి. అటుపిమ్మట పాతది ఐరోపాలో నిలువలేదు. మన దేశంలో బంటును మొదటి ఎత్తులోనూ ఒక్క గడే నడిపే వాడుక ఇటీవలి కాలం వరకు ఉండేది. ఇప్పుడు మనమూ కొత్త పద్ధతినే ఆడుతున్నాము గాని, ఆ పావును రాణి అనము. మంత్రి అనే అంటాము.

2012 మార్చిలో మొదటి ఎవర్‌క్వెస్టును చందా లేకుండా ఆడనిచ్చారు. రెండవది అంతకు కొద్ది నెలల ముందే ఆ దారి పట్టినది. అప్పుడు నేను ఎం.ఎస్‌సి. విద్యార్థిని. రెంటినీ చూశాను. బాపట్ల నుండి కాలిఫోర్నియాకు సుమారు 14 వేల కిలోమీటర్లు. గాజుతీగలో వెలుతురు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక, రానూపోనూ 0.14 సెకను ఎంత తగ్గించినా తగ్గదు. తీగలు తిన్నగా ఉండవు గనుక నిజానికి దానికి రెట్టింపు పట్టేది. మొదటి ఆటలో ఆ ఆలస్యం తెలియనే తెలియలేదు. ఒక అడవిలో దారి తప్పితే, పేరు తెలియని ఒక వేషధారి నన్ను కోట గుమ్మం వరకు నడిపించుకొని పోయాడు. దారిలో, మీ ఊళ్ళో ఇప్పుడు వేళ ఎంత అని అడిగాడు. రాత్రి రెండు గంటలని చెబితే, పడుకోమని మందలించాడు. రెండవ ఆట చూడడానికి అందమైనది. దారి అదే చూపిస్తుంది. దానిని ఒక నెల ఆడాను. ఆ నెలలో ఎవ్వరితోనూ ఒక్క మాట ఆడిన గుర్తు లేదు.

ఇది ఒక్కని అనుభవం. పైగా నేను చూచేనాటికి మొదటి ఆట కూడా చాలా మెత్తబడినది. శవాల మీద సొత్తు మిగిలిపోయే నియమం పోయినది. 2001 డిసెంబరులో పద్ధతిగా నడిచే బజారు రాగా సొరంగంలో కేకలు సద్దుమణిగినవి. 2002 అక్టోబరులో నగరాల మధ్య మాయాద్వారాలు రాగా ఓడరేవులు పాడుబడినవి. అనగా పూర్వభాగమే ఉత్తరభాగం వైపు అప్పటికే నడక సాగించినది. దీనికి ఎవరినీ తప్పుపట్టలేము. రోజుకు ఒక గంట తీరిక గలవానికి, ఆ గంటలో ముప్పాతిక భాగం రేవులో నిలబడమంటే న్యాయం కాదు. ఈనాడు పాఠాలు, పరీక్షపత్రాలు నెత్తిన ఉన్న నేను పాత నియమాలతో ఆడలేను. విద్యార్థులు అడిగితే రెండవదే చూడమంటాను.

ఉత్తరభాగం వచ్చిన రెండు వారాలకే, 2004 నవంబరు 23న, ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్టు’ వెలువడినది. అది త్వరలో మరింత ముందుకు పోయి, 2010 నాటికి కోటి ఇరవై లక్షల చందాదారులను చేర్చుకొన్నది. ఎవర్‌క్వెస్టుకు మూడవ భాగంగా 2013లో ప్రకటించిన ‘ఎవర్‌క్వెస్టు నెక్స్టు’ను 2016లో మధ్యలోనే మానివేశారు. మొదటి రెండూ మాత్రం నిలిచి ఉన్నవి. మొదటి ఆటకు 2024లో ఇరవై అయిదేళ్ళు నిండినవి.

ఈ లోపల కొందరు పాత ఆటగాళ్ళు మెత్తబడిన నియమాలు తమకు వద్దని, 1999 నాటి కష్టాలను ఉన్నవి ఉన్నట్లుగా తిరిగి కట్టుకొన్నారు. ‘ప్రాజెక్టు 1999’ అనే ఆ సర్వరు 2009లో తెరుచుకొన్నది. 2015లో కంపెనీ వారు దానితో ఒక ఒప్పందానికి వచ్చి, నడవనిచ్చారు. అక్కడ చనిపోతే సొత్తు శవం మీదనే ఉంటుంది. ఫ్రీపోర్టు రేవులో ఓడ తన వేళకే వస్తుంది.