నాట్యం – ఛాయాచిత్రం – బజారు

నాట్యం కదిలే కళ. ఛాయాచిత్రం కదలికను ఆపితే గాని పుట్టని వస్తువు. ఈ రెండింటికీ పొత్తు కుదిరిన తీరును కేవలం కళాచరిత్రకు సంబంధించిన విషయంగా చూస్తే మనకు దక్కేది సగం సత్యమే. బొమ్మ ఎవరు తీశారు, ఎవరిని నిలబెట్టి తీశారు, అది ఎవరికి అమ్ముడుపోయింది, ఆ డబ్బు ఎవరి చేతికి పోయింది అనే ప్రశ్నలు వేసుకుంటే తప్ప మిగిలిన సగం బయటపడదు. దక్షిణదేశపు దేవదాసీల చరిత్ర, మన కోస్తా జిల్లాల కళావంతుల చరిత్ర ఈ ప్రశ్నలను మన ముందు సూటిగా నిలబెడుతున్నవి.

కెమెరా పుట్టకముందే యూరప్‌లో మన నర్తకి బొమ్మకు గిరాకీ పుట్టింది. 1838లో పుదుచ్చేరి ప్రాంతపు తిరువెందిపురం నుంచి నర్తకుల మేళం ఒకటి పారిస్ వెళ్లి ప్రదర్శనలిచ్చింది. అందులో అమనీ అనే యువతిని చూచి గోతియే వంటి రచయిత మురిసిపోయి రాశాడు. బార్ అనే శిల్పి ఆమె రూపాన్ని కంచులో పోతపోశాడు. మరుసటి సంవత్సరమే, 1839 ఆగస్టులో, అదే నగరంలో డాగ్యుర్ కనిపెట్టిన ఛాయాచిత్ర విధానాన్ని లోకానికి ప్రకటించారు. కొత్త యంత్రం చేతికి వచ్చేనాటికి, దానితో ఏ బొమ్మ తీయాలో ఆశ ముందే సిద్ధమై ఉందన్న మాట.

ఐతే ఆ యంత్రం నాట్యాన్ని పట్టలేకపోయింది. 1851 తరువాత వాడుకలోకి వచ్చిన పద్ధతిలో గాజుపలకకు రసాయనం పూసి, తడి ఆరకముందే బొమ్మ తీసి, వెంటనే చీకటిగదిలో కడగాలి. ఎదుటి మనిషి కొన్ని సెకండ్లపాటు కదలకుండా ఉండాలి. కదిలితే ముఖం అలికినట్టయి పోతుంది. అంచేత స్టూడియోలో నర్తకిని ఆడమనలేదు, ఆడుతున్నట్టు నిలబడమన్నారు. వెనుక రంగుతెర, కింద తివాచీ, ఒక చెయ్యి నడుముమీద, ఒక చెయ్యి గాలిలో, పక్కన మద్దెలమీద చేతులు ఆనించి బిగుసుకుపోయిన వాద్యగాడు. ఇదీ ఆనాటి బొమ్మ.

ఇందులో జారిపోయినదేమిటో మన తెలుగువాళ్లకు చెప్పనక్కరలేదు. కళావంతుల విద్యకు ప్రాణం అభినయం. క్షేత్రయ్య పదాన్ని అందుకున్న స్త్రీ కూర్చున్నచోటనే కూర్చుని, ఒక్క పల్లవిని తిప్పి తిప్పి పాడుతూ, ప్రతిసారీ కొత్త అర్థం కంటితో చేతితో చెప్పేది. అలుక, ఎత్తిపొడుపు, జాలి, పరిహాసం ఒకే మాటలోంచి వరసగా పుట్టుకొచ్చేవి. దీనికి భాష రావాలి, సంగీతం రావాలి, ఏళ్ల తరబడి సాధన కావాలి. గాజుపలకమీద పడినవి మాత్రం నగలు, చీర, నిలబడిన భంగిమ. శ్రమ పోయింది, అలంకారం మిగిలింది. తరువాతి తరాలవారు ఆ బొమ్మలు చూచి నర్తకి అంటే అలంకారమే కాబోలు అనుకున్నారంటే ఆశ్చర్యమేముంది?

పరిపాలకులకు ఈ బొమ్మలతో మరొక పని కూడా ఉండేది. 1857 తిరుగుబాటు తరువాత ఈ దేశపు ప్రజలను వర్గీకరించి, పేర్లు పెట్టి, జాబితా వేసుకోవాలన్న ఆరాటం ఎక్కువయింది. వాట్సన్, కే అనే ఇద్దరు సంపాదకులు 1868 నుంచి 1875 వరకు ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అనే ఎనిమిది సంపుటాల గ్రంథాన్ని లండన్‌లో వెలువరించారు. అందులో నాలుగువందలకు పైగా ఛాయాచిత్రాలున్నవి. ఎక్కువ బొమ్మలకింద మనిషి పేరుండదు. కులం పేరు, తెగ పేరు, ఊరి పేరు ఉంటుంది. మనిషిని ‘రకం’గా మార్చే ఈ అలవాటే ఇరవయ్యో శతాబ్దపు మొదటి ఏళ్లలో బొమ్మల పోస్టుకార్డుల్లోకి దిగింది. మద్రాసు వ్యాపారులు అచ్చువేయించిన కార్డులమీద రైల్వేస్టేషన్లు, గోపురాలు, పాములవాళ్లు, వాటి సరసనే ‘నాచ్ గర్ల్’. ఊరికి ఉత్తరం రాసే దొర ఆ కార్డు కొని, వెనుక నాలుగు ముక్కలు గీకి, టపాలో వేసేవాడు. అణాలు దుకాణదారుకు పోయేవి. కార్డుమీది మనిషికి పేరు లేదు, వాటా అంతకంటే లేదు.

అదే కాలంలో మరొక కెమెరా ఎలా ప్రవర్తించిందో చూడండి. 1892లో హైదరాబాదులో లాలా దీన్‌దయాళ్ పరదా స్త్రీలకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. అందులో కెమెరా పట్టింది ఒక ఇంగ్లీషు స్త్రీ. నవాబుల ఇళ్లనుంచి వచ్చిన వారి బొమ్మలు పరాయి కంట పడకూడదని ఈ ఏర్పాటు. ఒక స్త్రీ బొమ్మ ఇంటి ఆల్బంలో దాగింది. ఒక స్త్రీ బొమ్మ బజారులో వేలాడింది. కెమెరా రెండుచోట్లా ఒకటే. తేడా తెచ్చింది వర్గం.

సరిగా ఈ ఏళ్లలోనే మద్రాసు రాష్ట్రంలో నాచ్ వ్యతిరేకోద్యమం సాగింది. మన కందుకూరి వీరేశలింగం భోగంమేళాలను ఎండగట్టాడు. 1893లో సంస్కర్తలు వైస్రాయికీ మద్రాసు గవర్నరుకూ విజ్ఞప్తి పంపి, మేళాలున్న విందులకు వెళ్లవద్దని కోరారు. తాము చూచిన ప్రదర్శనల్లో అనుచితమేమీ కనిపించలేదని ఆ దొరలు తోసిపుచ్చారు. సంస్కర్తల కోపంలో న్యాయం ఉంది. ఆడపిల్లను పసితనంలో గుడికి కట్టివేయడం, ఆమె యవ్వనాన్ని జమీందారు భోగానికి అప్పగించడం భూస్వామ్యపు దుర్మార్గమే; దానిని సమర్థించేవారెవరూ అభ్యుదయవాదులు కారు. కాని ఆ కోపం ఎవరిమీద ఎక్కువగా విరుచుకుపడింది? మేళం పెట్టించిన జమీందారు గౌరవనీయుడుగానే మిగిలాడు, కార్డు అమ్మిన వ్యాపారి అసలు చర్చలోకే రాలేదు. నింద అంతా ఆడినదాని నెత్తిన పడింది. మనిషి బహిష్కృత, ఆమె బొమ్మ సరుకు: రెండూ ఒకే దశాబ్దంలో జరిగినవి.

దీనికి విరుద్ధంగా కనిపించే సంగతి ఒకటి ఉంది. 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ గ్రామఫోను కంపెనీకి పాడింది. పాట ముగియగానే ఆమె తన పేరు తానే ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. రికార్డు జర్మనీ ఫ్యాక్టరీలో తయారయ్యేది. ఏ పాట ఎవరిదో అక్కడివారు గుర్తుపట్టి చీటీ అతికించడానికి ఆ పేరు అవసరం. ఇక్కడ పేరు నిలిచిందంటే అది వ్యాపారానికి పనికివచ్చింది కనుక. తరువాత ఆమె బొమ్మ ఆస్ట్రియాలో తయారైన అగ్గిపెట్టెలమీద కూడా ఎక్కింది. పేరును తుడిచివేసేదీ బజారే, పేరును మోగించేదీ బజారే.

బొమ్మే నాట్యాన్ని పుట్టించిన వింత కూడా జరిగింది. 1904లో అమెరికాలో రూత్ సెయింట్ డెనిస్ అనే నర్తకి ఒక సిగరెట్ల ప్రకటనలో ఈజిప్టు దేవత బొమ్మ చూచింది. ఆ ఊహ పెరిగి, మలుపులు తిరిగి, 1906లో న్యూయార్కులో ‘రాధ’ అనే నాట్యమయింది. ఆమె అప్పటికి హిందూదేశం ముఖం చూడలేదు. ప్రాచ్యదేశాలన్నీ ఒకే ప్రకటనబొమ్మలో ఒదిగిపోయినప్పుడు ఈజిప్టు దేవత రాధ కావడానికి అడ్డేముంది?

1930 తరువాత మన దేశంలో పరిస్థితి మారింది. 1935లో అడయారులో రుక్మిణీదేవి రంగమెక్కింది. 1936లో కళాక్షేత్రం ఏర్పడింది. పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్లె వంటి గురువుల దగ్గర, మైలాపూరు గౌరీఅమ్మ వంటి దేవదాసీ విదుషీమణి దగ్గర నేర్చిన విద్య కొత్త వర్గం చేతికి వచ్చింది. రుక్మిణీదేవి కృషి చిన్నది కాదు. కాని ఛాయాచిత్రాల్లో వచ్చిన మార్పు గమనించవలసి ఉంది. ఇప్పుడు వెనుక ఉన్నది తివాచీ కాదు, దేవాలయ శిల్పం. భంగిమ నటరాజుది. బొమ్మకింద పేరుంది. పేరు వచ్చినందుకు సంతోషించవలసిందే. ఐతే పేరు వచ్చిన క్షణానికే బొమ్మలోని మనిషి మారిపోయింది. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం అంకితం చేయడాన్ని నిషేధించింది. అది అవసరమైన పని. దానితోబాటే గుడిలోను, దేవుడి ఊరేగింపులోను స్త్రీ ఆడడం కూడా నేరమయింది. కొందరికి మాన్యం భూములమీద హక్కు దక్కింది. భూమి లేని స్త్రీకి బతుకుతెరువు ఏమిటన్న ప్రశ్నకు ఆ చట్టంలో జవాబు లేదు.

ఇక సినిమా. 1948లో మద్రాసు జెమినీ స్టూడియోలో తీసిన రెండు చిత్రాలు విడుదలయినవి. ఉదయశంకర్ ‘కల్పన’ నాట్యమే కథగా తీసిన చిత్రం, డబ్బు రాలేదు. వాసన్ ‘చంద్రలేఖ’లోని డప్పుల నాట్యం దేశమంతా జనాన్ని ఊపింది. తెలుగులో అంతకుముందే, 1939లో, జమీందారీని ఎదిరించి నిషేధానికి గురైన ‘రైతుబిడ్డ’లో కూచిపూడి కళాకారుడు వేదాంతం రాఘవయ్య నర్తించాడు. తరువాత వెంపటి పెదసత్యం, పసుమర్తి కృష్ణమూర్తి వంటి కూచిపూడి వారు సినిమా నాట్యదర్శకులయి పేరుతోబాటు జీతమూ తెచ్చుకున్నారు. అగ్రహారంనుంచి మద్రాసు చేరిన మగవారికి సినిమా దారి చూపింది. మేళం పోగొట్టుకున్న స్త్రీలకు ఆ దారి అంత సులభంగా తెరుచుకోలేదు. ఒకప్పుడు అసభ్యమని తరిమిన ‘మేళం’ తెరమీద జావళిగా, విలాసగృహంలోని నాట్యంగా తిరిగివచ్చి టిక్కెట్లు తెంపింది. ఆ తెరమీది నాట్యాన్ని అనుకరిస్తూ మన తిరునాళ్లలో రికార్డింగ్ డాన్సు పుట్టింది. సినిమాలో ఆడితే కళ, పందిట్లో ఆడితే పోలీసు కేసు.

మరి కెమెరా స్వభావమే ఇంతా? కాదు. 1943 బెంగాలు కరువును తన చిత్రాలతో దేశం ముందు నిలబెట్టిన సునీల్ జానా, ప్రజానాట్యసంఘం కళాకారులనూ, శాంతారావు వంటి నర్తకులనూ అదే కెమెరాతో తీశాడు. ఆకలిగొన్నవాని ముఖంలో మనిషిని చూచిన కన్ను నర్తకిలో శ్రమను చూచింది. 1976లో సత్యజిత్ రాయ్ బాలసరస్వతిమీద ‘బాల’ చిత్రం తీశాడు. దేవదాసీ వంశంలో పుట్టిన ఆ మహానర్తకి సముద్రపు ఒడ్డున గాలిలో అభినయిస్తుంటే కెమెరా తొందరపడకుండా చూస్తుంది. అప్పటికామె వయసు యాభై దాటింది. చిత్రం మంచిదే, రావలసినదానికంటే ఆలస్యంగా వచ్చింది.

మన గోదావరి సీమలో ఆ ఆలస్యం మరీ ఎక్కువ. బల్లిపాడు మదనగోపాలస్వామి గుడిలో ఆడిన సారిదె మాణిక్యమ్మ వంటి విదుషీమణుల విద్యను 1970 దశకంలో నటరాజ రామకృష్ణ చొరవతో లోకం కొంత చూచింది. అప్పటికే ఎందరో తమ పదాలను గొంతులోనే దాచుకుని, పిల్లలకు చెప్పకుండా, ఇరుగుపొరుగుకు తెలియకుండా కాలం చేశారు. కోల్పోయినది వారొక్కరే కాదు. తెలుగు సాహిత్యం కూడా తన పదాలకు వ్యాఖ్యానం కోల్పోయింది.

అందుచేత పాత నర్తకి బొమ్మ కంటబడ్డప్పుడు ‘ఎంత అందం’ అని పేజీ తిప్పడం చదువుకున్నవారు చేయవలసిన పని కాదు. ఉపాధ్యాయులు, విద్యార్థులు తమ ఊళ్లలో ఆ పాటలెరిగిన కుటుంబాలను మర్యాదతో కలుసుకోవాలి; వారు చెప్పదలచినంత వినాలి, చెప్పవద్దన్నది వదలిపెట్టాలి. వారు అనుమతిస్తే, ఇంకా దొరికే బొమ్మల వెనుక పేరు, ఊరు, నేర్పిన గురువు, ఆడిన పదం రాయాలి. నూటయాభై ఏళ్ల క్రితం ఆ స్టూడియోలో కొన్ని సెకండ్లు ఊపిరి బిగబట్టి నిలబడిన మనిషికి మనం చెల్లించవలసిన బాకీలో ఇది మొదటి వాయిదా.