రీఫ్ ట్యాంక్‌లో కాల్షియం ఒక్కసారిగా తగ్గిందా? మందు పోసే ముందు ఇవి చూసుకోండి

పోయిన వారం 420. ఇవాళ చూస్తే 340. ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవాళ్లకు ఇలాంటి రీడింగ్ కనిపిస్తే గుండె గుభేల్‌మంటుంది. వెంటనే చెయ్యి కాల్షియం క్లోరైడ్ డబ్బా మీదకు వెళుతుంది. కానీ ఒక్క నిమిషం ఆగండి. చాలాసార్లు అక్కడ మారింది నీళ్లు కాదు, మనం కొలిచిన తీరు. తప్పుడు రీడింగ్‌ను నమ్మి మందు పోస్తే బాగున్న ట్యాంక్‌ను చేజేతులా పాడుచేసుకున్నట్టే. మరి చేతిలో ఉన్న అంకెను ఎంతవరకు నమ్మొచ్చు? ఎలా తేల్చుకోవాలి?

అసలు ఎంత ఉండాలి?

సహజమైన సముద్రపు నీటిలో, అంటే కిలో నీటికి సుమారు 35 గ్రాముల లవణాలు ఉన్నచోట, కాల్షియం 410 నుంచి 420 పీపీఎం దాకా ఉంటుంది. ఇంట్లో ట్యాంక్‌కు 380 నుంచి 450 మధ్య ఎక్కడున్నా ఇబ్బంది లేదు. సరిగ్గా 420 రావాలని పట్టుబట్టడం అనవసరం. హార్డ్ కోరల్స్ అనే గట్టి పగడాలు తమ అస్థిపంజరాన్ని కాల్షియం కార్బొనేట్‌తోనే కట్టుకుంటాయి. నత్తల గుల్లలకు, రాళ్ల మీద గులాబీ రంగులో పరుచుకునే కోరలైన్ నాచుకు కూడా అదే కావాలి.

ఇక్కడ మన దేశంలో ఉన్నవాళ్లకు ఒక మాట. గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 కింద ఉన్నాయి. సీ ఫ్యాన్‌లు, నల్ల పగడాలు కూడా అందులోనే. సముద్రం నుంచి వాటిని తీయడం, అమ్మడం నేరం. విశాఖ బీచ్‌లోనో రామేశ్వరంలోనో ఎవరో ఇచ్చారని తెచ్చుకుంటే కేసు అవుతుంది. గట్టి పగడాల్లేని ట్యాంక్‌లో కాల్షియం ఖర్చు చాలా తక్కువ. అలాంటి చోట క్రమం తప్పకుండా కొంత నీరు మార్చి మంచి ఉప్పు కలిపితే సరిపోతుంది, మందులతో పెద్దగా పని ఉండదు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి, లైసెన్సున్న దుకాణంలో కొన్న గట్టి పగడాలు పెంచుతున్న మనవాళ్లకే ఈ లెక్కలు వారం వారం అవసరం.

ముందు ఉప్పదనం చూడండి

కాల్షియం కిట్ తెరిచే ముందు చూడాల్సింది ఉప్పదనం. ఎందుకంటే నీటిలో ఉప్పు తగ్గితే దాంతోపాటే కాల్షియం కూడా తగ్గుతుంది. 35 ఉండాల్సిన ఉప్పదనం 32కి పడిపోయిందనుకోండి. 412 ఉండాల్సిన కాల్షియం దానంతటదే 377 అవుతుంది. పగడాలు తిన్నది ఏమీ లేదు, నీరు పలచబడింది అంతే. ఆటోమేటిక్‌గా మంచినీళ్లు నింపే పరికరం ఒక రాత్రి ఆగకుండా పోసినా ఇలాగే జరుగుతుంది. అప్పుడు చేయాల్సింది కాల్షియం పోయడం కాదు. నాలుగైదు రోజులపాటు ఆవిరైన నీటి స్థానంలో మంచినీటికి బదులు ఉప్పునీరు పోస్తూ ఉప్పదనాన్ని మెల్లగా పైకి తేవాలి.

ఎండాకాలంలో దీనికి ఉల్టా జరుగుతుంది. ఫ్యాన్ కింద, ఏసీ గదిలో ట్యాంక్ నీరు గబగబా ఆవిరవుతుంది. ఉప్పు మాత్రం లోపలే ఉండిపోతుంది. ఆ సమయంలో కొలిస్తే కాల్షియం ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి నీటిమట్టం గుర్తు దాకా నింపి, బాగా కలిసిన తర్వాతే శాంపిల్ తీయాలి. పైన నింపేది ఆర్ఓ డీఐ నీరే అయి ఉండాలి. బోరు నీళ్లు పోస్తే అందులోని సున్నం రోజూ కొంచెం కొంచెంగా చేరుతూ లెక్కలన్నీ తారుమారు చేస్తుంది.

ఉప్పదనం కొలిచే పరికరం కూడా నమ్మదగిందేనా? ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌లో ముల్లుకు చిన్న గాలి బుడగ అంటుకున్నా ఎక్కువ చూపిస్తుంది. రిఫ్రాక్టోమీటర్ వాడేవాళ్లు ఉత్త నీటితో సున్నా సరిచూసుకుని ఊరుకోకూడదు, 35 ఉప్పదనం ఉన్న క్యాలిబ్రేషన్ ద్రవంతో కూడా చూసుకోవాలి. చవకరకం చాలావరకు మామూలు ఉప్పు నీటి కోసం తయారైనవి, సముద్రపు నీటి కోసం కాదు.

కిట్ లోపల జరిగేది ఇదీ

ఇళ్లలో ఎక్కువగా వాడే సాలిఫర్ట్, ఏపీఐ లాంటి కిట్లన్నింటిలోనూ పద్ధతి ఒకటే. మొదట కలిపే మందు నీటిని బాగా క్షారంగా మారుస్తుంది. దాంతో మెగ్నీషియం గడ్డకట్టి పక్కకు తప్పుకుంటుంది. నీరు కాస్త మబ్బుగా, మంచు రాలినట్టు కనిపించేది అందుకే. తర్వాత వేసే రంగు కాల్షియంతో కలిసి గులాబీ రంగు ఇస్తుంది. చివరగా ఒక్కో చుక్క వేసే మందులో ఈడీటీఏ ఉంటుంది. అది కాల్షియాన్ని ఒక్కొక్కటిగా లాగేసుకుంటుంది. ఇక లాగడానికి కాల్షియం మిగలనప్పుడు గులాబీ కాస్తా నీలంగా మారుతుంది. ఎన్ని చుక్కలు పట్టాయన్నదే మన రీడింగ్. ఏపీఐ కిట్‌లో ఒక్కో చుక్క 20 పీపీఎంతో సమానం. అంటే 21 చుక్కలకు రంగు మారితే 420. ఒక్క చుక్క అటూ ఇటూ అయితే 400 లేదా 440. అందుకే ఆ కిట్‌లో 20 తేడా వచ్చిందని కంగారుపడటంలో అర్థం లేదు. సిరంజితో వేసే కిట్లలో ఇంకా సన్నని తేడాలు తెలుస్తాయి.

పొరపాట్లు జరిగేది ఎక్కువగా మూడు చోట్ల. మొదటిది శాంపిల్ కొలత. 2 మిల్లీలీటర్లు తీయాల్సిన చోట గాలి బుడగ వల్ల 1.9 మాత్రమే వస్తే, అప్పుడే 5 శాతం తేడా. 420 కాస్తా 399 అవుతుంది. సిరంజిని ట్యాంక్ నీటితోనే ఒకటి రెండుసార్లు కడిగి, మూతి కిందకు పెట్టి, బుడగ లేకుండా మెల్లగా తీయండి. బయట అంటుకున్న చుక్కను టిష్యూతో తుడవండి. మందు సిరంజికి ప్లాస్టిక్ మొన తగిలించినప్పుడు లోపల కాస్త గాలి ఉండటం మామూలే. దానికి అంకె ఎక్కడ చదవాలో కిట్‌తో వచ్చిన కాగితంలో ఉంటుంది. దాన్ని పారేయకండి.

రెండోది రంగు. గులాబీ నుంచి నేరుగా నీలం రాదు, మధ్యలో ఊదా రంగు వస్తుంది. ఒకరు ఊదా రాగానే ఆపేస్తారు, ఇంకొకరు నిండు నీలం దాకా వెళ్తారు. ఇద్దరి మధ్య 20, 30 పీపీఎం తేడా సులువుగా వస్తుంది. సరైన పద్ధతి ఏంటంటే, ఇంకో చుక్క వేసినా రంగు మారనంత వరకు వెళ్లాలి. ఆ చివరి చుక్కను లెక్కలోంచి తీసేయాలి. చివర్లో తొందర వద్దు. గడ్డకట్టిన మెగ్నీషియంలో కొంత కాల్షియం చిక్కుకుని ఉంటుంది, అది బయటికి రావడానికి టైమ్ పడుతుంది. చుక్క వేసి, కలిపి, కొన్ని సెకన్లు చూసి మళ్లీ వేయాలి. నీలం వచ్చాక నిమిషంలో మళ్లీ గులాబీ తిరిగిందంటే మీరు ముందే ఆపేశారని అర్థం.

ఇంకో సంగతి. చాలామంది ఈ పరీక్షను ట్యాంక్ పక్కనే చేస్తారు. పైన నీలం ఎల్ఈడీలు వెలుగుతుంటే నీలం ఎప్పుడొచ్చిందో ఎవరికి తెలుస్తుంది? కిటికీ దగ్గర పగటి వెలుతురులో, తెల్ల కాగితం మీద సీసా పెట్టి చూడండి. ప్రతిసారీ అదే చోటు, వీలైతే అదే మనిషి.

మూడోది మందుల వయసు. పొడి ఉన్న కిట్ అయితే తీరప్రాంతాల్లో గాలిలోని తేమకే ఉండకట్టేస్తుంది. చెంచా సమానంగా నిండదు. మూత బిగించి చల్లని చోట పెట్టాలి. సీసా మీద ఎక్స్‌పైరీ తేదీ దాటితే ఆ అంకెను వదిలేయండి.

డిజిటల్ మీటర్ ఉంటే సరిపోతుందా?

కళ్లతో రంగు చూసే బాధ లేదని హానా చెకర్ లాంటి మీటర్ కొనేవాళ్లు ఉన్నారు. మంచిదే. కానీ సముద్రపు నీటి కాల్షియం కోసం వచ్చే మోడల్‌కు కంపెనీ చెప్పే కచ్చితత్వమే రీడింగ్‌లో 6 శాతం అటూ ఇటూ. అంటే స్క్రీన్ మీద 420 ఉంటే అసలు విలువ 395 నుంచి 445 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. పైగా అందులో తీసుకునే ట్యాంక్ నీరు కేవలం 0.1 మిల్లీలీటరు. దాన్ని 9 మిల్లీలీటర్ల డీఅయొనైజ్డ్ నీటిలో కలుపుతారు. ఇక్కడే అసలు మెలిక ఉంది. ఆ కలిపే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము కాల్షియం ఉన్నా సరే, మీటర్ 90 పీపీఎం దాకా ఎక్కువ చూపిస్తుంది. మన కుళాయి నీటిలో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. గాజు సీసాను కుళాయి కింద కడిగి అలాగే వాడేస్తే రీడింగ్ గాల్లోకి లేచిపోతుంది. సీసాను కూడా డీఅయొనైజ్డ్ నీటితోనే కడగాలి.

టీడీఎస్ మీటర్‌తో కానీ, మంచినీటి చేపల కోసం అమ్మే జీహెచ్ కిట్‌తో కానీ ఈ పని అవదు. జీహెచ్ కిట్ కాల్షియం, మెగ్నీషియం రెండూ కలిపి లెక్కేస్తుంది. సముద్రపు నీటిలో మెగ్నీషియమే 1,280 పీపీఎం పైన ఉంటుంది కాబట్టి రంగు మారడానికి 350కి పైగా చుక్కలు వేస్తూ కూర్చోవాలి! ఇంకో చిక్కు యూనిట్ల దగ్గర. కొన్ని కిట్లు ఫలితాన్ని కాల్షియం కార్బొనేట్ లెక్కలో ఇస్తాయి. అందులో 1,050 వస్తే భయపడొద్దు. 2.5తో భాగిస్తే 420.

అంకె అబద్ధమా నిజమా? ఆల్కలినిటీ చెబుతుంది

ఇది మాత్రం గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క. పగడం అస్థిపంజరం కట్టుకునేటప్పుడు కాల్షియం ఒక్కదాన్నే తీసుకోదు, దాంతోపాటు ఆల్కలినిటీని కూడా వాడుకుంటుంది. ఆ రెండింటి నిష్పత్తి మారదు. 20 పీపీఎం కాల్షియం తగ్గితే ఆల్కలినిటీ 2.8 డీకేహెచ్ తగ్గాలి. ఆల్కలినిటీ రోజుకు 1 డీకేహెచ్ తగ్గుతున్న ట్యాంక్‌లో కాల్షియం రోజుకు 7 పీపీఎం మాత్రమే ఖర్చవుతుంది.

ఇప్పుడు మొదట చెప్పుకున్న 420, 340 సంగతి చూద్దాం. 80 పీపీఎం కాల్షియం నిజంగానే పగడాలు వాడుకుని ఉంటే ఆల్కలినిటీ 11 డీకేహెచ్ పైన పడిపోవాలి. కానీ ట్యాంక్‌లో ఉండేదే 8 లేదా 9! అంటే ఆ వారంలో మీరు ఆల్కలినిటీ మందు అంత మొత్తంలో పోసి ఉండాలి, లేదంటే రీడింగ్ తప్పు. ఉప్పదనం సరిగ్గా ఉండి, ఆల్కలినిటీ కూడా కదలకుండా ఉంటే 340 అనే అంకెను పక్కన పెట్టి మళ్లీ టెస్ట్ చేయండి. ఒకే నీటితో వెంటవెంటనే రెండుసార్లు కొలిస్తే మీ చెయ్యి ఎంత నిలకడగా ఉందో కూడా తెలిసిపోతుంది.

రెండోసారీ అదే అంకె వస్తే అప్పుడు అనుమానం కిట్ మీదకు వెళ్లాలి. కాల్షియం ఎంత ఉందో ముందే తెలిసిన రిఫరెన్స్ ద్రవాలు అక్వేరియం దుకాణాల్లో దొరుకుతాయి. దాన్ని ట్యాంక్ నీటిలాగే పరీక్షించండి. సీసా మీద 420 అని ఉండి మీ కిట్ 390 చూపిస్తే, మీ కిట్ ఎప్పుడూ సుమారు 30 తక్కువ చెబుతోందన్నమాట. ఆ తేడా కలుపుకుని చదువుకుంటే సరిపోతుంది. కాల్షియం క్లోరైడ్ తూకం వేసి ఇంట్లోనే ఇలాంటి ద్రవం తయారు చేద్దామనుకుంటే మాత్రం వద్దు. ఆ పొడి గాలిలోని తేమను పీల్చేస్తుంది, తూకం తప్పుతుంది.

మందు పోయాల్సి వస్తే

అన్నీ చూశాక నిజంగానే తక్కువని తేలింది, అప్పుడు లెక్క సులువే. 100 లీటర్లలో కాల్షియం 10 పీపీఎం పెరగాలంటే కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ దాదాపు 3.7 గ్రాములు కావాలి. ట్యాంక్ సైజు 200 లీటర్లని రాసి ఉన్నా రాళ్లు, ఇసుక పోగా అసలు నీరు ఎంతో చూసుకోవాలి. తప్పుడు 340ని నమ్మి 200 లీటర్ల నీటికి 80 పీపీఎం పెంచాలంటే 59 గ్రాములు పోస్తారు. అసలు 420 ఉన్న నీరు 500కు చేరుతుంది. ఆల్కలినిటీ కూడా ఎక్కువుంటే కాల్షియం కార్బొనేట్ విడిపోయి నీరు పాలలా మారుతుంది. హీటర్‌కు, పంపులకు సున్నం పెచ్చు కడుతుంది. ఉన్న ఆల్కలినిటీ కాస్తా పడిపోతుంది. పగడాలను దెబ్బతీసేది ఆ కుదుపే.

అందుకే రోజుకు 20 పీపీఎం మించకుండా పెంచుకుంటూ వెళ్లండి. పొడిని ముందు ఆర్ఓ నీటిలో కరిగించాలి. కరిగేటప్పుడు వేడి పుడుతుంది, గాజు గ్లాసు వద్దు. నీటి ప్రవాహం ఎక్కువున్న చోట మెల్లగా పోయాలి. ఆల్కలినిటీ మందును అదే సమయంలో, అదే చోట పోయకూడదు. మర్నాడు, ముందు రోజు కొలిచిన టైమ్‌కే మళ్లీ కొలిచి తేదీ, ఉప్పదనం, ఆల్కలినిటీ, కాల్షియం నాలుగూ ఒకే వరుసలో రాసి పెట్టుకోండి.

టెస్ట్ అయ్యాక సీసాలో మిగిలిన నీటిని ట్యాంక్‌లో పోయొద్దు, సింక్‌లో పోసి కుళాయి తిప్పండి. క్షారం ఉన్న మందు కంట్లో పడితే ప్రమాదం, పిల్లలకు అందని చోట పెట్టండి.